బొంత కింద ముడత

సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడిన ప్రతిసారీ మన పత్రికల్లో 'అతుకుల బొంత' అనే మాట బయటికొస్తుంది. ఎప్పుడు ఊడుతుందో తెలియనిది, గతిలేక కలిపి కుట్టింది అని దాని అర్థం. గుంతల రోడ్డుకీ, తొందరపడి తీసిన సినిమా కథకీ కూడా ఇదే మాట వాడతారు. రాసేవాళ్ళలో ఒక్కరైనా బొంత కుట్టి ఉంటారని నేననుకోను. కుట్టినవాళ్ళకి తెలుసు, ఇంట్లో ఉన్న బట్టలన్నిట్లో చివరిదాకా ఊడకుండా నిలిచేది అదొక్కటేనని. హిందీలో, ఉర్దూలో 'గుద్‌డీ కా లాల్' అంటారు, బొంతలో దాగిన కెంపు అని. వాళ్ళు బొంతలో కెంపుని చూశారు, మనం తిట్టుని చూశాం. మన భాషలో ఆ ముక్క దేనికి ముందు తగిలించినా అది మొరటుదైపోతుంది మరి: బొంతకాకి, బొంతపురుగు, బొంతజెముడు.

మా అమ్మ పుట్టిల్లు నారాయణఖేడ్ అవతల, నాగల్‌గిద్ద దగ్గరి ఒక పల్లె. నాగల్‌గిద్ద ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. 2016లో కొత్త జిల్లాలు, మండలాలు వచ్చేదాకా మనూరు మండలంలో ఒక ఊరు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఈ నేల తెలుగు జిల్లాలోనే లేదు. నిజాం కాలం నుంచి 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956 నవంబర్ 1న భాషల లెక్కన రాష్ట్రాలు గీసినప్పుడు ఆ జిల్లాని విప్పేశారు. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు మరాఠీ వైపు వెళ్ళాయి. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ మైసూరు రాష్ట్రానికి. నారాయణఖేడ్, ఒక సర్కిల్ మినహా జహీరాబాద్, బీదర్ తాలూకాలోంచి ఒక్క న్యాల్‌కల్ సర్కిల్, ఆంధ్రప్రదేశ్‌కి. ఒక జిల్లాని మూడు ముక్కలు చేసి మూడు రాష్ట్రాల అంచులకి కుట్టారన్నమాట. దీన్ని మాత్రం ఏ పత్రికా అతుకుల బొంత అనలేదు.

గీత గీసినంత మాత్రాన చుట్టరికాలు తెగవు. ఇప్పటికీ అక్కడి సంతలో మూడు భాషలు వినిపిస్తాయి, దక్కనీ కలిపితే నాలుగు. ఒకటే వస్తువుకి నాలుగు పేర్లు: తెలుగులో బొంత, కన్నడంలో కౌది, మరాఠీలో గోధడి, దక్కనీలో గుద్‌డీ. పాత నూలు చీరలు, ధోవతులు, లుంగీలు పొరలు పొరలుగా పరిచి, కింది నుంచి పైదాకా కలిసేలా దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే అది. పెట్టుబడి లేదు, సూదీ దారం తప్ప. అవసరం మాత్రం గట్టిది. చలికాలంలో రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు అని పేపర్లో వచ్చే జాబితాలో మా పక్కనున్న కోహీర్, న్యాల్‌కల్ పేర్లు తరచూ కనిపిస్తాయి. ఎత్తైన పీఠభూమి, ఎదురులేని గాలి. ఈ వైపు నుంచి చెరుకు నరకడానికి కర్ణాటకకీ, మహారాష్ట్రకీ వెళ్ళే కుటుంబాలు వంటపాత్రలతో పాటు ట్రాక్టర్ ఎక్కించే మూట కూడా బొంతలదే. చెరుకు తోట పక్కన వేసుకున్న గుడిసెలో నేలకీ ఒంటికీ మధ్య ఉండేది అదే కదా.

బొంతల మీద ఏమన్నా రాద్దామనుకున్నప్పుడు అందరూ అడిగే ప్రశ్నలే నా నోటికీ వచ్చాయి. రంగులు ఎలా ఎంచుతారు, ఈ చుక్కల కుట్టుకి అర్థమేంటి, ఇలాంటివి. మా పెద్దమ్మ వీటికి ఓపిగ్గా జవాబులు చెప్పింది గానీ ఆ జవాబుల్లో ప్రాణం లేదు. 'ఏది దొరికితే గది ఏసినం' అంటుంది. అప్పుడు ప్రశ్న మార్చాను: బొంత కుట్టుడులో నీకు అస్సలు ఇష్టం లేని పని ఏది? పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు కూడా పనులాపి కలిశారు. ఆ మధ్యాహ్నమంతా ఫిర్యాదులే. బొంత గురించి నాకు తెలిసింది చాలావరకు వాటి నుంచే.

మొదటి ఫిర్యాదు విప్పడం మీద. కుట్టడానికి ముందు పాత కుట్లన్నీ విప్పాలి. చీరకి ఫాల్ ఉంటే అది ఊడదీయాలి, జాకెట్టు అయితే హుక్కులు తీసి అతుకులు విప్పాలి, చినిగిన చోట చింపి సరిచేయాలి. సగం విరిచిన బ్లేడు ముక్కతో ఒక్కో కుట్టూ కోయాలి. ఈ పని ఎప్పుడూ ఆడపిల్లలకి పడేది. కొంచెం తేడా వచ్చినా బ్లేడు గుడ్డలోకి దిగుతుంది, వీపు మీద దెబ్బ పడుతుంది. రెండోది సూదిలో దారం ఎక్కించడం. నలభై దాటిన కళ్ళకి అది కాని పని, కాబట్టి అదీ పిల్లలకే. 'ఒక్క సూది ఎక్కియ్ బిడ్డా' అని పిలుపు వినగానే పిల్లలు గోడ దూకి పారిపోయేవాళ్ళట. అందుకని దొరికినప్పుడే ఏడెనిమిది సూదులకి ఒకేసారి దారం ఎక్కించుకుని ఓ గుడ్డ ముక్కకి గుచ్చి పెట్టుకునేది పెద్దమ్మ.

అసలు బాధ పరవడంలో ఉంది. దీని గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళ గొంతులే మారిపోయాయి.

ఎండాకాలంలో, పొలం పనులు లేనప్పుడు, వాకిలి ఊడ్చి అలికి ఆరిన తర్వాత ఒక గట్టి చీర పరుస్తారు. దాని మీద చినిగినవి, చిన్నవి, ఎందుకూ పనికిరానివి సర్దుతారు, ఎక్కడా ఎత్తు పల్లాలు రాకుండా. మళ్ళీ పైన ఇంకో మంచి చీర. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. గాలి వస్తే పై పొర లేస్తుంది. కోడి నడుస్తుంది. పిల్లవాడు పరుగెత్తుతాడు. ఒక పొర జరిగినా తెలియదు. అందుకే ముందు పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేస్తారు, పొరలు కదలకుండా పట్టుకోవడానికి మాత్రమే. తర్వాత వాటిని పీకేస్తారు. నేల మీద కూర్చుని, ఒక కాలు చాపి, కుట్టే బొంత మీదే కూర్చుని, ముందుకి జరుగుతూ అసలు కుట్టు వేస్తారు. మోకాళ్ళు, నడుము, మెడ, ఏదీ మిగలదు. ఇంతా చేసి రెండు జానల మేర కుట్టాక ఓ మూల ఎత్తి చూస్తే కింద ముడత కనిపిస్తుంది. కింది చీర ఎప్పుడో మడత పడింది. పైనుంచి చూస్తే అంతా చక్కగా ఉంది. ఆ ముడత మీద పడుకుంటే వీపుకి తగులుతుంది, ఉతికినప్పుడు ముందు అక్కడే చినుగుతుంది. కాబట్టి విప్పాలి. మూడు రోజుల కుట్టు.

'గప్పుడు ఏడుపొస్తది' అంది పెద్దమ్మ. నవ్వుతూనే అంది.

ఈ ఫిర్యాదులు విన్న కొన్నాళ్ళకి వినయపిటకంలో చుల్లవగ్గ చదువుతుంటే, ఐదో ఖంధకంలో ఒక చోట ఆగిపోయాను. బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం అది. చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో దొరికిన గుడ్డ పీలికలతో చీవరాలు కుట్టుకోవడం వాళ్ళ ఆచారం. మగధ దేశపు వరిమళ్ళ గట్లలా ఉండేట్టు చీవరం అతుకులు రూపొందించమని బుద్ధుడు చెబితే ఆనందుడు అలా చేశాడన్న కథ చాలామందికి తెలిసిందే. చీవరం అచ్చంగా బొంత కాదు గానీ, పైన కప్పుకునే సంఘాటి రెండు పొరల అతుకుల గుడ్డ. అంటే పని ఇదే.

ఆ భాగమంతా ఫిర్యాదులే. భిక్షువులు కోడి ఈకతోనూ వెదురు పుల్లతోనూ కుడుతున్నారు, కుట్టు బాగా రావడం లేదు. సూది వాడొచ్చు అన్నాడు బుద్ధుడు. సూదులు తుప్పు పడుతున్నాయి. సూదుల గొట్టం వాడొచ్చు. అందులోనూ తుప్పు పడుతున్నాయి. పిండి నింపొచ్చు, రాతిపొడి వాడొచ్చు, తేనెమైనం వాడొచ్చు. అక్కడక్కడా మేకులు పాతి కట్టి కుడుతుంటే గుడ్డ వంకర పోతోంది. కఠినం, అంటే గుడ్డని బిగించి కట్టే చట్రం, వాడొచ్చు. కుట్లు వంకర పోతున్నాయి. 'మోఘసుత్తకం' వేసుకోవచ్చు. పాలీలో ఆ మాటకి ఉత్తుత్తి దారం అని అర్థం. దారి చూపడానికి వేసే దారం. మా పెద్దమ్మ కచ్చా కుట్టుకి దగ్గరి చుట్టం. సూదిని ఎదుర్కొనే వేలికి నొప్పి పుడుతోంది. వేలికి తొడుగు వాడొచ్చు. కొందరు సోకు భిక్షువులు బంగారు, వెండి తొడుగులు పెట్టుకున్నారు, అవి మాత్రం కుదరదు. కాళ్ళు కడుక్కోకుండా చట్రం మీద తొక్కుతున్నారు, అది పాడవుతోంది. కాళ్ళు కడగకుండా తొక్కకూడదు.

కోడి నడిచిన వాకిలి గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

తర్వాత నవ్వు పోయింది. రెండు వేల ఏళ్ళ పైబడిన ఈ జాబితా ఎందుకు మిగిలింది? ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనిని ఇల్లు వదిలి వచ్చిన మగవాళ్ళు మొదటిసారి తమ చేతులతో చేయాల్సి వచ్చింది కాబట్టి. వాళ్ళకి వేలు నొప్పి పుడితే అది సంఘం ముందుకి వెళ్ళింది, పరిష్కారం దొరికింది, కంఠస్థం చేశారు, తాళపత్రాల మీద రాశారు. అదే నొప్పి అప్పటికే ఎన్ని తరాల ఇళ్ళల్లో ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరికీ వార్త కాదు కాబట్టి. అంతా అయ్యాక కూడా మా పెద్దమ్మ ఇప్పటికీ వేలికి తొడుగు లేకుండానే కుడుతుంది. ఊళ్ళో టైలర్ దగ్గర అంగుస్తానా ఉంటుంది. ఆమె దగ్గర కుడిచేతి చూపుడువేలి కొసన గట్టిపడిన చర్మం ఉంటుంది.

బొంతల చరిత్రని ఈ వైపు నుంచి చూస్తే, మనం కళ అనుకునే చాలా విషయాలు చిరాకుకి జవాబులుగా కనిపిస్తాయి. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ధీలు ఉన్నారు, ఆఫ్రికా మూలాలున్న సముదాయం. వాళ్ళ బొంతని కవందీ అంటారు. మన కౌదికి సోదర పదమే. 2004 ప్రాంతంలో హెన్రీ డ్రూవల్ అనే అమెరికన్ కళాచరిత్రకారుడు వాళ్ళతో కలిసి పనిచేయడంతో బయటి ప్రపంచానికి అవి తెలిశాయి. మిగతా చాలాచోట్ల బొంత మధ్య భాగం కుట్టి చివర్లో అంచు కడతారు. ఆ అంచు కట్టే పని విసుగు పుట్టిస్తుందని అమెరికాలో క్విల్ట్ కుట్టేవాళ్ళు కూడా తెగ గొణుగుతుంటారు. సిద్ధీ ఆడవాళ్ళు అసలు అంచు దగ్గరే మొదలుపెడతారు. చుట్టూ అంచు మడిచి కుట్టుకుంటూ, ఒక్కో ముక్కా చేర్చుకుంటూ, చుట్లు చుట్లుగా లోపలికి వెళ్తారు. నడిమధ్యకి చేరేసరికి బొంత అయిపోయినట్టే. చివర్లో చేయాల్సిన విసుగు పనే ఉండదు. చూసేవాళ్ళకి అది సుడి తిరిగిన చదరాల అందం. కుట్టేవాళ్ళకి తెలివి. నాలుగు మూలలకీ చిన్న చిన్న గుడ్డలు మడిచి పువ్వు పెడతారు, అది లేకపోతే బొంత బోసిగా ఉన్నట్టే వాళ్ళకి.

అమెరికాలో పాతకాలపు క్విల్టింగ్ బీ కూడా ఇలాంటిదే. మూడు పొరల్ని పెద్ద చెక్క చట్రానికి బిగించి, చుట్టూ ఎనిమిది పది మంది కూర్చుని కుట్టేవాళ్ళు. చట్రం ఉంటే ముడత రాదు, వంగక్కర్లేదు, పది మంది ఉంటే విసుగు రాదు. కఠినమే, పేరు వేరు. ఇప్పుడు అక్కడ చాలామంది పైపొర మాత్రం సొంతంగా కుట్టుకుని, పొరలు కలిపి కుట్టే కష్టమైన భాగాన్ని పెద్ద మెషిన్ ఉన్నవాళ్ళకి డబ్బిచ్చి పంపేస్తారు. 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా చక్రంలా తిరిగే కత్తి తెచ్చాక గుడ్డ కోయడం కూడా తేలికైంది. మొదలెట్టి వదిలేసిన క్విల్టులకి వాళ్ళు యూఎఫ్ఓ అని ముద్దుపేరు పెట్టుకున్నారు, అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్ అని. పెద్దమ్మకి ఇది చెబితే అర్థం కాలేదు. సగంలో వదిలేసిన బొంత ఉండటమేంటి? కార్తీకం రాదా?

పని ఇష్టంలేకపోతే దాన్ని ఇంకొకరికి అప్పజెప్పే పద్ధతి మన దగ్గరా ఉంది. ఊరూరా తిరిగి కూలికి బొంతలు కుట్టే ఆడవాళ్ళు ఎండాకాలంలో వస్తుంటారు. ఉత్తర కర్ణాటకలో గొంధళి కులస్థులైన స్త్రీలు కౌదులు కుట్టడంలో పేరున్నవాళ్ళు. ఇంటి చీరలు ఇంటివాళ్ళవే, మోకాళ్ళు మాత్రం వాళ్ళవి. బేరం దగ్గర ఎప్పుడూ ఒకే గొడవ: కుట్లు ఎంత దగ్గరగా ఉండాలి? దూరంగా వేస్తే త్వరగా అయిపోతుంది, త్వరగా ఊడుతుంది. ఇంటామె వేలు పెట్టి కొలుస్తుంది, కుట్టే ఆమె పొద్దు చూసుకుంటుంది.

ఇక్కడ పాలిస్టర్ గురించి చెప్పాలి. నాతో మాట్లాడిన వాళ్ళందరూ దాన్ని తిట్టారు, కాని చీర కొనేటప్పుడు అందరూ దాన్నే కొన్నారు. ఉతకడం సులువు, ఇస్త్రీ అక్కర్లేదు, రంగు పోదు, ధర తక్కువ. 1985 నాటి కేంద్ర జౌళి విధానం నూలునీ కృత్రిమ దారాన్నీ ఒకే గాటన కట్టి, కృత్రిమ దారం మీద పన్నుల భారం తగ్గించింది. ఢిల్లీలో తీసుకున్న ఆ నిర్ణయం పదీ ఇరవై ఏళ్ళలో నాగల్‌గిద్ద బొంతల్లోకి వచ్చి చేరింది, ఎలాగంటే, ఇవాళ్టి చీరే కదా రేపటి బొంత. పాలిస్టర్ పొర మీద పొర నిలవదు, జారుతుంది. రాయి పెట్టినా జారుతుంది. కచ్చా కుట్టు రెండింతలు వేయాలి. సూది దిగినచోట దారం లాగుతుంది. చెమట పీల్చదు. పాత నూలు చీర ఎన్ని ఉతుకులు ఉతికితే అంత మెత్తబడేది, ఇది ముప్పై ఏళ్ళయినా అలాగే ఉంటుంది. బొంత కుట్టే కళ పోవడానికి కారణాలు వెతికేవాళ్ళు టీవీనీ, చదువునీ, బద్ధకాన్నీ తిడుతుంటారు. నన్నడిగితే ముందు పోయింది బొంతకి పనికొచ్చే గుడ్డ.

అయితే అందరూ ఒక్క గొంతుతో చెప్పిన చెడ్డ పని కుట్టడమే కాదు. 'కుట్టుడు ఏం కష్టం బిడ్డా. ఉతుకుడే పాణం తీస్తది.'

ఐదారు పొరల నూలు బొంత తడిస్తే ఒక్క మనిషి ఎత్తలేదు. పిండడం కుదరదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా తిప్పాలి. మంజీర ఒడ్డుకో, చెరువుకో మోసుకెళ్ళి బండ మీద తొక్కి ఉతికి, నీళ్ళోడుతుంటే మళ్ళీ మోసుకురావాలి. కంచె మీదో గోడ మీదో వేస్తే ఆరడానికి రెండు రోజులు. వానాకాలంలో ఆరనే ఆరదు, మురుగు వాసన. చిన్నపిల్లలున్న ఇంట్లో బొంత సంగతి చెప్పక్కర్లేదు. నల్లులు పడితే కాగే నీళ్ళలో ముంచాలి. ఈ పనిని ఎవరికి తోయగలిగితే వాళ్ళకి తోశారు. వెట్టి నడిచిన నిజాం రోజుల్లో దొరల ఇళ్ళ బట్టల బరువంతా చాకలి కుటుంబాల మీద ఉండేది. కూలికి మనిషిని పెట్టుకోలేని ఇంట్లో అది కొత్తకోడలి పని.

వినయపిటకం ఇక్కడ కూడా ఒక మాట చెప్తుంది. తనకి బంధువు కాని భిక్షుణి చేత భిక్షువు తన పాత చీవరం ఉతికించుకోకూడదని నియమం. నియమం పెట్టారంటే ఉతికించుకున్నారనే కదా. ఇంకో కథలో, కొందరు భిక్షువులు గొర్రె ఉన్ని తెచ్చి భిక్షుణుల చేత కడిగించి, రంగు వేయించి, దువ్వించుకుంటున్నారు. ఆ చాకిరీతో భిక్షుణులకి చదువూ ధ్యానమూ సాగడం లేదు. భిక్షుణుల సాధన శ్రద్ధగా సాగుతోందా అని మహాప్రజాపతి గౌతమిని బుద్ధుడు అడుగుతాడు, ఆమె సంగతి చెబుతుంది. అప్పుడు నియమం పుడుతుంది. ఆడమనిషి ఫిర్యాదు కూడా గ్రంథంలోకి ఎక్కింది ఇక్కడ. ఆమె బుద్ధుడిని పెంచిన తల్లి. అంతటి మనిషి కూడా తనంతట తాను చెప్పలేదు, అడిగితే చెప్పింది.

ఆధునిక కాలంలో బొంతని పట్టించుకున్న పెద్దవాళ్ళు లేకపోలేదు. బెంగాల్లో ఐ.సి.ఎస్. అధికారి గురుసదయ్ దత్ ఊళ్ళు తిరిగి కాంథాలు సేకరించాడు, ఇప్పుడవి కోల్‌కతా శివారు జోకాలో ఆయన పేరిటి మ్యూజియంలో ఉన్నాయి. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1939లో కాంథా మీద వ్యాసం రాసింది. 2002లో అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ నల్లజాతి స్త్రీల క్విల్టులు హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. ఇదంతా మంచిదే, నాకు సంతోషమే. కానీ మ్యూజియం గోడకి బొంత తగిలించినప్పుడు వెనక వైపు కనిపించదు. బొంత కుట్టిన వాళ్ళు ఇంకో కుట్టేదాని బొంతని చూడాలంటే ముందు తిరగేస్తారు, ముడత ఉందేమో అని. కమలం, కల్పవృక్షం మీద పేజీలకి పేజీలు రాశాం. కింది పొర మడత పడకుండా ఆమె ఏం చేసిందో రాసింది తక్కువ.

గీస్ బెండ్ గురించి ఇంకో సంగతి. అక్కడి ఆడవాళ్ళు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు, పౌరహక్కుల ఉద్యమం రోజులవి. 1972 నుంచి సియర్స్ కంపెనీకి కార్డ్‌రాయ్ దిండు గలీబులు కుట్టిచ్చారు. కంపెనీకి కావలసింది అన్నీ ఒకేలా, కొలత తప్పకుండా ఉండే గలీబులు. మిగిలిన కార్డ్‌రాయ్ ముక్కలు ఇంటికి తెచ్చుకుని వాళ్ళకిష్టమొచ్చినట్టు కుట్టుకున్నవి కూడా తర్వాత మ్యూజియానికి వెళ్ళాయి. ఆ ఊళ్ళోనే 1942లో మిస్సూరీ పెట్‌వే అనే ఆమె, చనిపోయిన భర్త పొలం పని బట్టలతో క్విల్ట్ కుట్టుకుంది, అది కప్పుకుని పడుకోవాలని. మా వైపు పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు. అమ్మమ్మ పోయినప్పుడు కూడా ఉంచలేదు. ఒక్క కుంకుమరంగు నేత చీర మాత్రం అప్పటికే బొంతలో ఉండిపోయింది కాబట్టి ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు హైదరాబాద్ షాపుల్లో, ఆన్‌లైన్లో బొంతకి కొత్త పేర్లు వచ్చాయి. చేతికుట్టు, రీసైకిల్డ్, సస్టెయినబుల్. వేలల్లో ధర. నా స్నేహితులు చాలామంది ఇళ్ళల్లో సోఫాల మీద కనిపిస్తాయి. దాన్లో తప్పేం లేదు, కుట్టిన మనిషికి రోజు కూలి సరిగ్గా పడితే. ఎన్ని రోజులు కూర్చుందో, కూలి కుట్టు లెక్కనా రోజు లెక్కనా అన్నది చీటీ మీద రాయరు కాబట్టి అడగాల్సింది కొనేవాళ్ళే.

నాగల్‌గిద్ద వైపు మాత్రం కొత్తగా బొంత కుట్టించే ఇళ్ళు తగ్గాయి. షోలాపూర్ చద్దర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, పానీపట్ నుంచి వచ్చే మెత్తటి మింక్ బ్లాంకెట్లు పెళ్ళి సామాన్లలో చేరాయి. పెద్దమ్మ కోడలు బీదర్‌లో చదువుకున్న అమ్మాయి. బొంత కుట్టనని మొహం మీదే చెప్పేసింది. 'నాకు మోకాళ్ళు కావాలత్తా' అంది. సంప్రదాయం పోతోందని బాధపడాల్సింది ఇక్కడే కాబోలు, నాకైతే ఆ మాట సబబుగా అనిపించింది. పెద్దమ్మకి కూడా అనిపించినట్టుంది, ఎదురు చెప్పలేదు. అక్కడికక్కడే లేవడానికి గోడ పట్టుకుంది.

సాయంత్రం ఆమె తన దగ్గరున్న పాత బొంత తీసి పరిచింది. ఒక మూల చినిగి లోపలి పొరలు బయటపడ్డాయి. పైన పాలిస్టర్ పూల చీర, దాని కింద లుంగీ గళ్ళు, దాని కింద ఇంకో బొంత. అరిగిపోయిన పాత బొంతని పారేయరు, కొత్తదాని మధ్యలో పొరగా వేసేస్తారు. లోపలి ఆ బొంత కుట్లు వేరుగా ఉన్నాయి, ఇంకా దగ్గరగా, ఇంకా చిన్నగా. ఎవరి చెయ్యి అని అడిగాను. అమ్మమ్మదో, అమ్మమ్మ అత్తదో, తెలియదంది. ఆ మూల నుంచి కుంకుమరంగు అంచు కొంచెం కనిపిస్తోంది. ఇంకాస్త లాగి చూద్దామని వేలు పెడితే చెయ్యి మీద ఒకటి వేసింది.

'ఇప్పితే మల్ల ఎవ్వలు కుడతరు?'